చివరి సూది ముక్క

పసిపిల్లల గౌన్లు కుట్టే ఆ షెడ్డులో నలభై మిషన్లు ఉండేవి. మొదటి వరుసలో మొదటి మిషను పెద్దక్కది. ఆమె కాళ్ళ దగ్గర, పెడల్ పక్కన, ఎప్పుడూ ఒక బిస్కెట్ల రేకు డబ్బా కనిపించేది. దానికి అక్కడి ఆడవాళ్ళు పెట్టుకున్న ముద్దు పేరు ధర్మాసుపత్రి.

ఎవరింట్లో ఎవరికి జబ్బు చేసి తగ్గినా, మిగిలిన మాత్రలు ఆ డబ్బాలోకి చేరేవి. నిక్షేపంలాంటి మందును పారేయడానికి మనసొప్పదు కదా! ఒకరికి మిగిలింది ఇంకొకరికి అక్కరకొస్తుందని వాళ్ళ ఆలోచన. అందులో దురుద్దేశం ఇసుమంతైనా లేదు.

ఒక మధ్యాహ్నం కాజాలు తీసే వదిన ముక్కు చీదుకుంటూ వచ్చింది. వరసకు ఎవరికీ ఏమీ కాకపోయినా ఆమె ఆ షెడ్డు మొత్తానికీ వదినే.

"పెద్దక్కా, ఒళ్ళు కాలిపోతోంది. ఏదో ఒకటి పడేద్దూ."

"ఎర్రవా, పసుపువా?"

"మొన్న ఎర్రవి వేసుకుంటే లేచి కూర్చున్నా."

"అయితే అవే రెండు వేసుకో. తగ్గగానే ఆపెయ్. ఎక్కువ మింగితే వేడి చేస్తుంది."

సాధారణ జలుబుకు బ్యాక్టీరియా క్రిములను చంపే ఆ యాంటీబయాటిక్ మాత్రలు పనిచేయవనీ, మొన్న వదిన దానంతటదే కోలుకుందనీ ఇద్దరికీ తెలియదు. లైన్ సూపర్‌వైజర్ మాత్రం దూరం నుంచి చూసి మురిసిపోయాడు. "పెద్దక్క ఉండగా మనకు సెలవు చీటీలతో పనేముంది!" అన్నాడు. ఆమె దాన్ని మెప్పనుకుంది. జబ్బుపడ్డ మనిషికి దక్కాల్సిన విశ్రాంతిని ఆ డబ్బా మింగేస్తోందని నలభై మందిలో ఒక్కరికీ తట్టలేదు. మనలో ఎంతమందికి తట్టింది? మన ఇళ్ళలోనూ అలాంటి డబ్బా ఒకటి ఉండే ఉంటుంది.

ఆ వారంలోనే మిషను సూది పెద్దక్క కుడి చూపుడు వేల్లో దిగింది. ధర్మాసుపత్రి పక్కనే ఉందాయె! ఎర్రవి రెండు రోజులు మింగింది. నొప్పి తగ్గింది, ఆపేసింది. వారం తిరిగేసరికి వేలు మళ్ళీ సలపరించింది. ఈసారి పసుపువి వేసుకుంది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. నీలం గొట్టం మాత్రలు కూడా అయిపోయాక, బట్ట అంచు తగిలినా ప్రాణం జివ్వుమనసాగింది. బట్టను సూది కిందికి నడిపించే వేలు అది. ఆ వేలు లేకపోతే ఆమెకు పనే లేదు.

చివరికి ఆసుపత్రికి వెళ్తే, డాక్టరమ్మ చీము తీసి పరీక్షకు పంపింది. మూడో రోజున ల్యాబులోకి పిలిచి, మూత పెట్టిన గుండ్రటి పళ్ళెం ఒకటి చూపించింది. అందులో చొక్కా గుండీలంతేసి కాగితపు బిళ్ళలు ఆరు ఉన్నాయి.

"ఇవి నీ వేల్లోంచి తీసి పెంచిన క్రిములమ్మా. ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు ఉంది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఖాళీ కనిపించాలి."

ఐదు బిళ్ళలను ఆనుకుని తెల్లటి పొర దర్జాగా పెరిగి ఉంది. ఒక్కదాని చుట్టూ మాత్రమే ఖాళీ వలయం కనిపించింది.

"అంటే నా ఒంటికి మందు అలవాటైపోయిందా డాక్టరమ్మా?"

"నీ ఒంటికి కాదు, మారింది క్రిములు. కోట్లలో ఉంటాయవి. ఏ ఒకటో రెండో పుట్టుకతోనే కాస్త తేడాగా ఉంటాయి, మందుకు లొంగవు. నువ్వు మాత్ర వేసినప్పుడల్లా లొంగేవి చచ్చాయి. మొండివి మిగిలాయి. ఖాళీ అయిన చోటంతా వాటి సంతానమే నిండింది. పైగా ఆ మొండితనాన్ని పక్క క్రిములతో ఇచ్చిపుచ్చుకుంటాయి కూడా. తెలియక నువ్వు మొండివాటినే ఏరి పెంచావు."

పెద్దక్కకు డబ్బాలోని రంగులన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. ఎంతమందికి పంచింది తను! సిగ్గుతో తల వాలిపోయింది.

"ఈ ఒక్క మందే పనిచేస్తుంది. పది రోజులు ఇక్కడే ఉండి ఇంజెక్షన్లు చేయించుకో. ఆలస్యం చేసినా, మధ్యలో ఆపినా వేలు తీసేయాల్సి రావచ్చు."

మర్నాడు ఉదయమే ఆమె సెలవు చీటీతో సూపర్‌వైజర్ ముందు నిలబడింది.

"పది రోజులా? ఆర్డరు నెత్తి మీద కూర్చుంది! నీ డబ్బాలో లేని మందా? నాలుగు వేసుకుని మిషనెక్కు. కాదంటే నీ మిషను ఇంకొకరికిస్తా" అన్నాడతను.

సరిగ్గా అప్పుడే వదిన మిషను మీద సూది టప్పున విరిగింది.

"ఆపండి!" అంటూ అతను కేకేశాడు. అది ఆ షెడ్డులో తిరుగులేని నియమం. సూది విరిగితే ప్రతి ముక్కా వెతికి, తెల్ల కాగితం మీద సూది ఆకారంలో పేర్చి చూపించాలి. ఒక్కటి తక్కువైనా షెడ్డంతా ఆగాల్సిందే. సూపర్‌వైజర్ అయస్కాంతం పట్టుకుని మోకాళ్ళ మీద నేలంతా పాకాడు. రెండు ముక్కలు దొరికాయి. మొన దొరకలేదు.

"రెండు దొరికాయిగా సార్, చాలదా? మిషను నడిపించండి" అంది పెద్దక్క.

"మతిపోయిందా నీకు? మొన గౌన్లో ఉండిపోతే ఎవరిది పూచీ?"

"నేను అడిగేదీ అదే. నా వేల్లో మిగిలిపోయిన క్రిమికి ఎవరిది పూచీ? ఇరవై ఏళ్ళుగా ప్రతి సూది ముక్కా ఏరి మీ చేతిలో పెట్టాను. జబ్బు దగ్గర మాత్రం సగం వెతికి వదిలేశాం. ఈ మొన ఉన్నచోటే ఉంటుంది. నా వేల్లోది పిల్లల్ని పెడుతుంది, మా ఇళ్ళకొస్తుంది, మీ ఇంటికీ వస్తుంది. సూది ముక్క కోసం షెడ్డంతా ఆపే మీరు మనిషి కోసం ఒక్క మిషను ఆపలేరా?"

"మిషను పోతుంది, చూసుకో."

"పోతే పోనివ్వండి. వేలు మాత్రం వదులుకోను."

రేకు డబ్బాను బల్ల మీద ధన్‌మని పెట్టింది. "ఇందులోవన్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళి ఇచ్చేస్తున్నా, వాళ్ళే నాశనం చేస్తారు. మీకందరికీ ఇన్నాళ్ళూ విషం పంచాను, క్షమించండి. ఇక నా చేత్తో ఒక్క మాత్ర ఎవరికీ ఇవ్వను."

ఇంతలో కాలర్ మడతలో మొన దొరికింది. సూపర్‌వైజర్ ఊపిరి పీల్చుకుని "ఊఁ, మొదలుపెట్టండి" అన్నాడు. వదిన చేతులు కట్టుకుని కూర్చుంది. ఆమె పక్కావిడా కూర్చుంది. నలభై మిషన్లలో ఒక్కటీ కదల్లేదు.

"ఆ చీటీ మీద సంతకం పెట్టండి సార్" అంది వదిన. అతను అందరి వంకా చూశాడు. గొణుక్కుంటూ పెట్టాడు.

వేలు దక్కింది. కొస పూర్తిగా వంగదు, అయినా బట్టను నడిపిస్తుంది. పెద్దక్క మళ్ళీ తన మిషను మీదే కూర్చుంది. నెల తిరక్కుండానే వదిన ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది.

"మళ్ళీ జ్వరం పెద్దక్కా. సెలవంటే ఆయన అరుస్తాడేమో."

"అరవనీ. డాక్టరు దగ్గరికెళ్ళు. మందు అవసరమంటేనే వేసుకో, చెప్పినన్ని రోజులూ వేసుకో, మిగిల్చి ఎవరికీ పెట్టకు. ఆయన అడిగితే ముక్క ఇంకా దొరకలేదని చెప్పు. దొరికేదాకా మిషను నడవదని కూడా చెప్పు!"