పదికి పైనున్న నాలుగు

నిజామాబాద్ ఖలీల్‌వాడిలోని ఆ చిన్న ల్యాబులో నిఖిత రెండేళ్లుగా పనిచేస్తోంది. సూది గుచ్చితే నొప్పి తెలియనివ్వదని పేరు. పాత మిషన్ రిపేరుకు పోతే కంపెనీవాళ్లు దాని బదులు ఇంకొకటి తెచ్చి పెట్టి వెళ్లారు. మర్నాడు పొద్దున దానిలో పెట్టిన మొదటి రక్తం లింబయ్యది.

లింబయ్యది బోధన్ అవతల, నిజాంసాగర్ కాలువ కింది ఊరు. చెరకు రైతు. జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే మొదటి బస్సుకే వచ్చి, డాక్టర్ స్నేహలతకు చూపించుకున్నాడు. ఊరూరా డెంగ్యూ ఉందని ఆమె ప్లేట్‌లెట్ల పరీక్ష రాసింది. మిషన్ చీటీ మీద 1.8 అని వచ్చింది. పాత మిషన్ లక్షల్లో చెప్పేది. ఆ అలవాటు కొద్దీ నిఖిత లక్షా ఎనభై వేలని టైపు చేసి రిపోర్టు ఇచ్చేసింది. లక్షన్నర దాటితే భయం లేదు. మామూలు జ్వరమేనని డాక్టరమ్మ ఒళ్లునొప్పులకు సూది వేసి, మాత్రలిచ్చి పంపేసింది.

ఎండెక్కాక, పోలీసు ఉద్యోగానికి పోతున్న ఒకతని రక్తం పెట్టింది నిఖిత. రాయిలాంటి మనిషి, ఏ జబ్బూ లేదు. చీటీ మీద 23.6 వచ్చింది. ఇరవై మూడు లక్షలు ఏ మనిషి ఒంట్లో ఉంటాయి? మిషన్ చెడిందనుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ అదే అంకె. అప్పుడు చూసింది, అంకె పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నదాన్ని. గుణకారం గుర్తు, పది, దాని నెత్తిన నాలుగు.

అంటే ఇది పదివేలల్లో చెబుతోంది. చుక్కను నాలుగు స్థానాలు కుడికి జరపాలి. 23.6 అంటే రెండు లక్షల ముప్పై ఆరు వేలు. ఆరోగ్యవంతుడికి ఉండాల్సిందే.

మరి 1.8?

పద్దెనిమిది వేలు. తాను పదికి పైన నాలుగును చూడకుండా, లేని ఐదును చదివింది. ఆ ఒక్క మెట్టు తేడాకు చావు అంచున ఉన్న మనిషి ఆరోగ్యవంతుడైపోయి బస్సెక్కాడు.

ఓనరు పరమేశ్వర్‌కు చెబితే ముందు ఆయన మొహం పాలిపోయింది. తర్వాత గొంతు తగ్గించి, మళ్లీ పరీక్ష చేయాలి రమ్మని ఫోన్ చెయ్యి చాలు, డాక్టరమ్మ దాకా పోవద్దు, ల్యాబు పేరు పోతుందన్నాడు. నిఖిత ఆ మాట పూర్తిగా వినలేదు. రోడ్డు దాటి నేరుగా డాక్టరమ్మ గదిలోకి వెళ్లి, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేసింది.

స్నేహలత తానిచ్చిన నొప్పుల మాత్రలు రక్తాన్ని గడ్డకట్టనివ్వవని, ఇంకొకటి మింగకముందే ఆపాలని చెప్పి, 108కి ఫోన్ అందుకుంది. "మంచిగున్న అనుకునే మనిషి అంబులెన్స్ చూస్తే ఎక్కడు. ఎదురుగ నిలబడి చెప్పేటోళ్లు కావాలె," అంది.

రిపోర్టు కాయితంలో ఉన్న నంబరుకు నిఖిత ఫోన్ చేస్తే లింబయ్య భార్య భూమవ్వ పలికింది. ఫ్యాక్టరీ నుంచి చెరకు కొట్టే ఆర్డరు వచ్చిందని, ఆయన బస్సు దిగి సీదా చేనుకే పోయాడని, ఫోన్ ఇంట్లోనే ఉందని చెప్పింది. చేతిలో కొడవలి. చిన్న గాటు పడినా నెత్తురు ఆగదు.

"అవ్వా, ఉరుకు. కొడవలి పట్టనియ్యకు, గోలీ మింగనియ్యకు."

"గదేంది బిడ్డా, రిపోర్ట్ మంచిగుంది అన్నరంట గద?"

"నేను తప్పు రాసిన అవ్వా."

ఫోన్ కట్టయింది.

నిఖిత స్కూటీ మీద బోధన్ దాటి కాలువ గట్టు పట్టేసరికి అంబులెన్సు ఇంకా రాలేదు. దారికి రెండు పక్కలా చెరకు మనిషెత్తున నిలబడి ఉంది, అవతల ఏముందో కనిపించదు. మరాఠీ మాటలు వినిపించిన వైపు బండి వదిలేసి పరుగెత్తింది. మహారాష్ట్ర నుంచి చెరకు కొట్టడానికి వచ్చిన కూలీలు గెడలు కట్టలు కడుతున్నారు. లారీ పక్కన భూమవ్వ భర్త చెయ్యి పట్టుకుని లాగుతోంది. కొడవలి కింద పడి ఉంది. లింబయ్య ఆమెను విదిలించుకుంటూ, ఇయ్యాల లోడు పోకుంటే మళ్లీ నంబరు ఎప్పుడొస్తదోనని విసుక్కుంటున్నాడు.

నిఖితను చూసి గుర్తుపట్టాడు. ఎండన పడి వచ్చినవ్, కూసో అని ఒక చెరకు గెడ అందుకుని పళ్లతో తొక్క చీల్చాడు. తెల్లటి గుజ్జు మీద ఎర్రగా నెత్తురు అంటుకుంది. అతను దాన్ని చూసి, తొక్క గీరుకుందనుకుని పెదవి తుడుచుకున్నాడు. చిగుళ్లలోంచి మళ్లీ ఎర్రగా ఊరింది.

"కాకా, పొద్దుటి సూది వేసిన కాడ ఎట్లుంది?"

"వాచింది. నల్లగైంది. గది మామూలే గద?"

నిఖిత కింద కూర్చుని దుబ్బమట్టిలో వేలితో 1.8 అని రాసింది. దాని కింద, చుక్కను ఐదు స్థానాలు జరిపి 1,80,000 రాసింది. తాను ఇచ్చింది ఇదని చెప్పింది. దాని కింద నాలుగే జరిపి 18,000 రాసింది.

"నీ ఒంట్ల ఉన్నయ్ గివ్వే కాకా. తప్పు మిషన్‌ది గాదు, నాది. తిడితే బండిల తిట్టు. ముందు ఎక్కు."

లింబయ్య ఆ రెండు అంకెలనూ చూశాడు. చేతిలోని చెరకును చూశాడు. ఇంతసేపూ ఉన్న మొండితనం ఒంట్లోంచి జారిపోయినట్టు, మట్టిలో కూలబడ్డాడు. దూరంగా సైరన్ వినిపించింది. కూలీల మేస్త్రీ ఏమీ అడగకుండానే అతని చంకల కింద చేతులు వేసి లేపాడు.

నిజామాబాద్ ఆసుపత్రిలో ప్లేట్‌లెట్ల సంచులు ఎక్కించారు. మధ్యాహ్నం ముక్కులోంచి నెత్తురు కారి, డాక్టర్లు అటూ ఇటూ పరుగెత్తినప్పుడు నిఖిత గోడకు ఆనుకుని నిలబడిపోయింది. పొద్దుగూకే వేళకు నెత్తురు ఆగింది. పరమేశ్వర్ ఫోన్ చేసి, ఇక పనికి రావద్దన్నాడు. ఆమె సరేనంది.

మర్నాడు పొద్దున ఆసుపత్రివాళ్లు కొత్త రిపోర్టు ఇచ్చారు. భూమవ్వ నిన్నటి నుంచీ నిఖితతో మాట్లాడలేదు. ఇప్పుడు కాయితం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"చదువు. మెల్లగ చదువు."

నిఖిత ముందు అంకెను చూడలేదు. పక్కనున్న చిన్న అక్షరాలను చూసింది, రెండుసార్లు.

"నలభై ఒక్క వేలు, అవ్వా. పెరిగినయ్. ఇంక లక్ష గాలే."

"అయితయా?"

"అయితయ్."

భూమవ్వ కాయితం వెనక్కి తీసుకుని మడత పెట్టుకుంది. పక్కనున్న బల్ల మీద కూర్చుని, కాస్త జరిగి చోటు ఇచ్చింది. నిఖిత కూర్చుంది.