సువార్తమ్మగారి ఇసక

రాజోలు దగ్గర ఆ చర్చిపేటలో ఆడవాళ్ళు తెల్లారగానే ముందు ఇసక ఊడుస్తారు, తర్వాతే పొయ్యి వెలిగిస్తారు. మనిషి తన తప్పేదైనా మర్చిపోతే, నడుస్తుంటే వెనకాల ఇసక రాలుతుంది. వెనక్కి తిరిగి చూస్తే తప్ప రాల్చినవాళ్ళకి తెలీదు, వెనక వచ్చేవాళ్ళకి తెలుస్తుంది. ఊడ్చిందంతా కొబ్బరిమొక్కల గోతుల్లో పోస్తారు.

సువార్తమ్మగారి గుమ్మంలో మరీ ఎక్కువ.

"మీ ఇసకతో మేడ లేపొచ్చండి అత్తయ్యగారూ," అంది కోడలు కరుణ, తట్ట ఎత్తుతూ.

"లేపు. ఇంతకీ చర్చి మీటింగులో నేనేం చెప్పాలే?"

"రత్నమాల వద్దని చెబుతానన్నారు కదండీ."

"ఆయ్. వద్దని."

రత్నమాల కువైట్ నుంచి చంటిపిల్లతో వచ్చింది. మొగుడు లేడు. చర్చి హాస్టల్లో వంటపని అడిగింది. అది దొరక్కపోతే పిల్లని వదిలి మళ్ళీ విమానం ఎక్కాల్సిందే. హాస్టలు వంటింటి తాళంచెవి సువార్తమ్మగారి బొడ్లో ఉంటుంది. ఆవిడ మాటే అందరి మాట.

మళ్ళీ మర్చిపోతానేమోనని సువార్తమ్మగారు "వద్దు, వద్దు" అనుకుంటూ గబగబా నడిచింది. కాలవ వంతెన మీద ఇంకోటి అడ్డం పడింది. ఆదివారం ఫాదర్‌గారు పునీత మోషే కథ చెప్పేరు. బైబిల్లో మోషే కాదు, ఈయన ఒకప్పుడు దొంగ, తర్వాత సన్యాసి. తప్పు చేసిన తోటివాడికి తీర్పు చెప్పమని పిలిస్తే, చిల్లుబుట్టలో ఇసక వీపున మోసుకెళ్ళాడు. ఎందుకని అడిగితే ఏదో అన్నాడు. ఏమన్నాడు? బుట్ట గుర్తుంది, మాట పోయింది. మీటింగు హాలు దాకా వెతుక్కుంటూనే వెళ్ళింది.

"తండ్రెవరో చెప్పమనండి ముందు," అంటోంది సంఘపెద్ద ఏస్తేరు.

"మీరు చెప్పండి పెద్దమ్మగారూ," అన్నాడు ఉపదేశి మాణిక్యాలరావు.

"ముందు నాకు చెప్పు నాయనా. ఆ బుట్ట మోసినాయన ఏమన్నాడు?"

"నా తప్పులు నా వెనకే రాలిపోతున్నాయి, నాకే కనబడటం లేదు, నేనా తీర్పు చెప్పేది? అన్నారండి."

సువార్తమ్మగారు వెనక్కి తిరిగింది. గుమ్మం దాకా ఇసక. ఏస్తేరు కుర్చీ వెనక ఇసక. మాణిక్యాలరావు మెల్లిగా కాళ్ళు లోపలికి లాక్కున్నాడు.

"ఇలా రా అమ్మా," అంది గోడవారనున్న రత్నమాలని.

పిల్లని ఎత్తుకుని హాలంతా దాటి వచ్చింది. ఆమె వెనక ఒక్క రేణువు రాలలేదు.

"ఈ పిల్ల ఏదీ మర్చిపోలేదర్రా," అంది సువార్తమ్మగారు.

తాళంచెవి తీసి రత్నమాల చేతిలో పెట్టింది.

"రేపొచ్చి తాళంచెవేదని అడుగుతాను. మీరే ఇచ్చేరని చెప్పు."

"ఆయ్, చెబుతానండి."

"రోజూ అడుగుతాను."

"రోజూ చెబుతానండి."