కూలి లేని పురిటినొప్పులు

"కుక్కర్ పెట్టీసొచ్చి ఒక్క బటన్ నొక్కు, అంతే" అన్నాడు ఫణిభూషణ్.

అరుణజ్యోతి చేతులు తుడుచుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆయన పీహెచ్‌డీ థీసిస్ సాయంత్రం అయిదులోగా యూనివర్సిటీకి చేరాలి. చేరకపోతే ప్రమోషన్ పోతుంది. కాపీని పట్టే పరీక్షలో నూటికి నలభై ఒకటి వచ్చింది, పది దాటకూడదు. అందుకే కొలీగ్ ఎవరో ఈ సాఫ్ట్‌వేర్ ఇచ్చాడు. వాక్యం ఇస్తే మాటలన్నీ మార్చి, దొరక్కుండా చేసి పెడుతుంది. ఏడేళ్లుగా ఆయన టైపింగూ, ఫుట్‌నోట్లూ ఆమెవే. విసుక్కున్న రోజున అత్తగారు పద్మావతి, "మొగుడికి ఆపాటి సెయ్యకపోతే నీ సదువెందుకే?" అనేది. మూడో అధ్యాయం ఒక్కటే ఆయన సొంతంగా చేసుకున్నాడు. అప్పుడు అరుణజ్యోతి సంతోషించింది కూడా.

ముందు రిపోర్టు తెరిచింది. ఎర్రబడ్డదంతా మూడో అధ్యాయమే. మూలం: ఎం.ఫిల్. డిసర్టేషన్, పొట్నూరు అరుణజ్యోతి, బరంపురం.

పెళ్లికి ముందు, సముద్రం ఒడ్డున ఆర్యపల్లి అనే జాలరి ఊళ్లో రెండు వేసవులు తిరిగి రాసింది అది. ఇసకలో చేపలు ఎండబెట్టే కాసమ్మ, "మొగోడు వల లాగితే పని, నేను సేప ఎండబెడితే కాలక్షేపమేటమ్మా?" అని అడిగితే, ఆ మాటని ఇంగ్లీషులో పెట్టడానికి మూడు రోజులు పట్టింది. ఆ పుస్తకం అత్తగారింట్లో అటక ఎప్పుడెక్కిందో, ఆయన ఎప్పుడు దింపాడో.

ఏం చేస్తుందో చూద్దామని బటన్ నొక్కింది. ఎండుచేపలు 'నీరింకిన జలచరాలు' అయిపోయాయి. 'లేబర్' అంటే దానికి కాన్పే తోచినట్టుంది, ఆడవాళ్ల కూలి లేని శ్రమ 'కూలి లేని పురిటినొప్పులు' అయింది. కాసమ్మ ప్రశ్న ఎంత వెతికినా కనిపించలేదు.

"ఇది నాది కదండీ" అంది.

ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆపలేదు. "మొగుడూ పెళ్లాల మధ్య నీదేటి, నాదేటి?"

"అయితే నా పేరు రాయండి."

నవ్వీసి, టైమైపోతోంది, తొందరగా కానీమని, ప్రింట్ షాపుకి ఫోన్ చేసుకుంటూ వరండాలోకి వెళ్లిపోయాడు.

ఆమె మెయిల్ తెరిచింది. మార్చని థీసిస్‌నీ, రిపోర్టునీ ఆయన గైడు సరళా మేడమ్‌కి మెయిల్లో జతచేసి, 'మూడో అధ్యాయం నేను రాసింది. నన్ను అడగలేదు' అని రెండు ముక్కలు రాసింది. ప్రమోషన్ గుర్తొచ్చింది, అత్తగారు గుర్తొచ్చింది. అయినా పంపింది.

పది నిమిషాలకి ఆయన ఫోన్ మోగింది. వింటూ వింటూ గోడకి ఆనుకున్నాడు.

"ఏటి సేసీసేవు?" అన్నాడు మెల్లిగా, ఫోన్ ఆమెకి అందిస్తూ.

అది రాసింది మీరేనా అని అడిగింది సరళా మేడమ్.

"నేనే మేడమ్" అంది అరుణజ్యోతి. "మిగతా పరిశోధన కూడా రాస్తాను, నా పేరుతోనే. రేపు రమ్మంటారా?"