తేజాబు తాగిన కొడవళ్లు

పోలీసు యాక్షన్ అయిన ఏడాది, కార్తీకం చివరి రోజులు. దామరచర్ల దిక్కు వరి కోతకొచ్చి గింజ రాలుతోంది. తండా నుంచి వచ్చిన కమ్లి పన్నెండు మంది కోతగత్తెలకు పెద్ద. గొడవల్లో సోదాలు జరుగుతుంటే కొడవలి దొరికినా ఏమంటారోనని, అన్నిటినీ కుండలో పెట్టి మన్నులో పూడ్చేశారు వాళ్లు. తవ్వి తీసేసరికి మందాన తుప్పు.

వాటిని కమ్లి మిర్యాలగూడలోని లింగమ్మ కొలిమికి తెచ్చింది. లింగమ్మ మగడు పోయి ఆర్నెల్లు. ఆడది సుత్తె పడితే ఊరంతా నవ్వింది, నవ్వనీ. ఆ పన్నెండు కొడవళ్లే ఆమె చేతికొచ్చిన మొదటి పని. ఇవి నిలిస్తే కొలిమి నిలుస్తుంది. లేదంటే అందరూ కోదాడ కమ్మరి దగ్గరికి పోతారు, కొలిమి చల్లారినట్టే.

ఇటుకపొడితో రుద్దుతూ కూర్చుంటే ఎన్ని రోజులైనా తరగదని, గిన్నెలకు కళాయి వేసేవాడి దగ్గర తుప్పును తినేసే ఆమ్లం, తేజాబు, కాస్త తెచ్చి తొట్టి నీళ్లలో కలిపి, కొడవళ్లన్నీ ఒక పూటంతా నానబెట్టింది. ఉక్కు మీది నుంచి సన్నసన్నని బుడగలు బుసబుసమని లేచాయి. కడిగి తీస్తే వెండిలో ముంచినట్టు తళతళలాడాయి. లింగమ్మ గుండె నిండింది.

కమ్లి ఒకటి తీసుకుని తుమ్మకొమ్మ మీద ఒక్క దెబ్బ వేసింది. కొడవలి టక్కున రెండు ముక్కలైంది.

"ఏంది లింగమ్మక్కా, పెంకు లెక్క ఇరుగుతున్నది. మన్నులున్నప్పుడే నయం గదా."

"నా సేతి పని సరిగ లేకుంటే ఉక్కు వంగాలె గాని, ఇరుగుడేంది?" లింగమ్మకు నిజంగానే అర్థం కాలేదు. ఇంకొకటి రాయికేసి కొట్టి చూసింది, అదీ విరిగింది.

అప్పుడే గడ్డపార సాపు చేయించుకుందామని మత్తయ్య పంతులు వచ్చాడు. మిషన్ బడిలో చదువు చెప్పే మనిషి. సంగతంతా విని తొట్టి వంక చూశాడు.

"ఆ బుడగలు హైడ్రోజన్ అనే గాలి, లింగమ్మా. గాలులన్నింట్ల శానా సన్నది. పైకి లేసింది కొంతే, మిగిలింది ఉక్కులకు సొచ్చింది. గట్టి ఉక్కుల అది సందుసందుకూ తిరిగి, దాన్ని పెళుసు జేస్తది."

"గాలి ఇనుములకు ఎట్ల పోతది పంతులూ? పిట్టకథలు సెప్తున్నవ్."

"కొన్ని లోహాలల్ల అయితే ఇల్లరికం అల్లుడి లెక్క కుదురుకుంటది. లోహంతో కలిసి కొత్త పదార్థమే అయితది, దాన్ని హైడ్రైడ్ అంటరు. ఇనుముతోని దానికి పొత్తు కుదరది. సుట్టం లెక్క వచ్చి గోల జేస్తది. ఒక్క తీరుగ వెచ్చగ పెడితే సుట్టం తనంతట తనే పోతది. మంట మాత్రం తగలొద్దు, ఉక్కు మెత్తవడ్తది."

వెచ్చగా, ఒక్క తీరుగా, మంట లేకుండా. ఆ మూడు మాటలూ వినగానే లింగమ్మ లేచి నిలబడింది. అంజయ్య బియ్యం మిల్లు వెనక ఊక బూడిద గుట్ట ఉంది. ఎర్ర నిప్పు కనిపించదు గాని లోపల రోజుల తరబడి కుములుతూనే ఉంటుంది.

"రేపు పొద్దు నెత్తి మీదికి వచ్చేదాక ఆగు కమ్లీ. అప్పటికీ ఇరిగితే, కోదాడకు నేనే మోసుకపోత."

కమ్లి విరిగిన ముక్కలు ఏరి కొంగున కట్టుకుంటూ, "రేపు మధ్యాహ్నం దాకనే," అంది.

లింగమ్మ గుట్టను కట్టెతో కెలికింది. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయేంత వేడి చూసుకుని, మిగిలిన పది కొడవళ్లనూ అక్కడ పూడ్చింది. మర్నాటి దాకా ఆ గుట్ట దగ్గరే కూర్చుంది. ఎక్కడైనా కాక ఎక్కువైతే ఇంత చల్లటి బూడిద కలిపింది. మిల్లు పనివాళ్లు బూడిదకు కాపలా ఏమిటని నవ్వారు. "గుడ్లు పెట్టిన, పొదుగుతున్న," అంది.

మర్నాడు మధ్యాహ్నానికి తీసి, చల్లారాక, కమ్లి చేతికివ్వకుండా తనే ఒకటి తుమ్మకొమ్మ మీద వేసింది. కొమ్మ తెగింది. రెండో దెబ్బకు కొడవలి కొంచెం వంగి మళ్లీ తిన్నగా లేచింది. మిగిలిన తొమ్మిదీ అలాగే చూసింది, ఒక్కటీ విరగలేదు.

కమ్లి పదింటినీ తలగుడ్డలో మూటకట్టి, కొంగు విప్పి నిన్నటి విరిగిన ముక్కలు నాలుగూ లింగమ్మ ముందు పోసింది.

"గివి కాల్చి అతికించి రెండు సేసి పెట్టు. ఎల్లుండి వస్త. ఈసారి తేజాబు తాపకు."

లింగమ్మ ముక్కలు ఏరుకుని, కొలిమి తిత్తి వైపు నడిచింది.