వీరభద్రుని ఎడమ కన్ను

తెల్లారితే ఉగాది. శివకుమారికి కాలు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి మీద చింతగింజల బంక కలుపుతుంది, ఎండలో ఆరబెట్టిన కాగితపు ముఖాన్ని పరుగున పోయి తడిమి చూస్తుంది, మళ్లీ పొయ్యి దగ్గరికి వస్తుంది. ఉగాది ఊరేగింపులో ఆడేవాడు ఏటా కొత్త వీరభద్రుని ముఖం కట్టుకోవాలి, అయిపోగానే వాగులో కలపాలి. ఆ ముఖాలు చేసే ఉరుకుందప్ప పోయిన కార్తీకంలో కన్నుమూశాడు. ఈసారి తానే చేస్తానని శివకుమారి నోరు జారింది. కుదరకపోతే ఎమ్మిగనూరు సంతలో ప్లాస్టిక్‌ది కొనుక్కొస్తామన్నారు గుడి పెద్దలు.

చిన్నప్పుడు ఉరుకుందప్ప వాకిట్లో కూర్చుని చూసిందంతా ఆమె కళ్లలోనే ఉంది. ముఖ్యంగా ఆ ఎడమ కన్ను. కుడి కన్నుకు బయటికి చూడటానికి రంధ్రం ఉండేది, ఎడమది వట్టి రంగే. అది సగం మూసిన దేవుడి కోపమని ఆమెకు ఎంత మురిపెమో! తన ముఖానికీ అలాగే దిద్దింది.

మధ్యాహ్నం భూపేష్ వచ్చి ముఖం కట్టుకున్నాడు. ఇన్నేళ్లూ ఆ ముఖం కట్టుకుని ఆడిన చిన్న ఈరన్న మోకాళ్లు అరిగి, రాజంపేటలో కూతురి దగ్గరికి పోయాడు కాబట్టి ఈ ఏడు ఆట ఇతనిదే. కత్తి తిప్పుతూ రెండడుగులు వేసి, ఎడమ పక్కనున్న నీళ్ల తొట్టిలో కాలు పెట్టాడు.

"అక్కా, ఈ పక్క ఏమీ అగుపడల్యా!"

"ఆడడం రాక మొఖాన్ని తిడతాండావా? ఇన్నేండ్లు ఈరన్న ఆడలేదా?"

"నీ కోపమంతా కంట్లోనే పెట్టినావే! రేపు ఎవురికన్నా కత్తి తగిల్తే?"

తడి కాలితో అతను నిలబడి ఉండగానే ఆమె ఉరుకుందప్ప పెండ్లాం భీమక్క ఇంటికి పరుగెత్తింది. ముసలమ్మ పడిపడి నవ్వింది.

"దేవుడి కోపమా? ఎంత పిచ్చిదానివే! ఈరన్నకు ఎడమ కంట్లో చూపు లేదు. ఎండ తగిలితే నీళ్లు కారేవి. తెలిస్తే ఆట ఇంకొకరికిస్తారని ఏడిస్తే, మా ఆయప్ప మొఖానికి ఆ పక్క రంధ్రం మూసేసినాడు. ఏటా వాని మొఖమంతా చేత్తో తడిమి, ఆ ఎనకనే అచ్చుకు మట్టి ముట్టేవాడు. నువ్వు యాడ తడిమినావు?"

శివకుమారి తిరిగొచ్చి భూపేష్‌ను అరుగు మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. నుదురు, కనుబొమలు, ముక్కుదూలం వేళ్లతో తడిమింది. అతని ఎడమ కన్ను కుడిదానికంటే కాస్త కిందికుంది. చాకు తీసుకుంది. చిన్నప్పటినుంచీ మురిసిన ఆ కన్ను మీద మొన పెట్టింది. "తప్పైతే మన్నించు ఉరుకుందప్ప తాతా" అనుకుంటూ కోసింది. అతని కన్ను ఉన్నంత కిందికే కోసింది. ముఖం ఒకవైపు కొంటెగా చూస్తున్నట్టయింది. ఉరుకుందప్ప ఎన్నడూ చేయని ముఖం.

భూపేష్ కట్టుకున్నాడు. కత్తి ఎత్తాడు. తిరిగాడు, మళ్లీ తిరిగాడు, ఆగిపోయాడు.

"ఏమైందప్పా? అగుపడలేదా?" అంటూ ఆమె దగ్గరికొచ్చింది.

"శానా బాగా అగుపడతాండాది లే. ఆ ఎడమ పక్క చూడు, నీ బంక పొంగి పొయ్యి ఆరిపోతాండాది!"