దుంగల కంచె వెనకవాళ్ళు

తను రాసిన నాటకం ముగింపు మారిందని వసుమతికి మొదట చెప్పింది సత్యలక్ష్మి.

కువైట్‌లోని ఫింటాస్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్ స్థలంలో శుక్రవారం రిహార్సల్స్ జరిగేవి. సత్యలక్ష్మి ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. కుట్టుపని బాగా వచ్చు కాబట్టి నాటకానికి బట్టలన్నీ ఆవిడే కుట్టింది. ఆ రోజు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక కుర్రాడి పట్టు అంగరఖా సరిచేస్తూ, వసుమతి దగ్గరికి రాగానే సూదులు తీసి నెమ్మదిగా అంది.

"అమ్మగారూ, తుపాకులోళ్ళందరూ ఆకర్న సచ్చిపోవాలంటండి. కత్తులోళ్ళు బతికేత్తారంట. సారు సెప్పారు. మీకు తెలుసనుకున్నానండి."

వసుమతికి తెలియదు.

ఆవిడ ఇండియన్ స్కూల్లో సోషల్ టీచరు. భర్త విజయభాస్కర్ చమురు కంపెనీలో ఇంజినీరు, తెలుగు సంఘానికి సాంస్కృతిక కార్యదర్శి. ఉగాది కార్యక్రమానికి ఏదైనా కొత్త నాటకం రాయమని ఆయనే అడిగాడు. క్లాసులో ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న అప్పటికి ఆవిడ బుర్రలో తిరుగుతోంది. "మిస్, సమురాయ్ కత్తితో బుల్లెట్‌ని రెండు ముక్కలు చేస్తాడట కదా?" ఆ ప్రశ్నతో మొదలుపెట్టి చదువుకుంటూ పోయి, నగషినో దగ్గర ఆగింది.

నాలుగు వందల యాభై ఏళ్ళ కిందట జపాన్‌లో జరిగిన యుద్ధం అది. వాన వెలిసిన ఉదయం, బురద నేల మీద, పేరున్న వంశాల వీరులు కత్తులతో, ఈటెలతో, గుర్రాల మీద దూసుకొచ్చారు. అవతల దుంగలతో కట్టిన కంచె. దాని వెనక వరసలు కట్టి తుపాకులు పట్టుకున్న కాల్బలం. పోర్చుగీసువాళ్ళ వల్ల వచ్చిన తుపాకి అప్పటికి ఆ దేశంలో ఒక తరం నుంచీ ఉంది. కత్తి వీరులు దాన్ని ఎరగని అమాయకులేమీ కారు, వాళ్ళ దగ్గరా కొన్ని ఉన్నాయి. అయినా కంచె వైపే వచ్చారు, కంచె ముందే రాలిపోయారు. రాలిపోయినవాళ్ళ పేర్లు చరిత్రలో ఉన్నాయి. కంచె వెనక నిలబడినవాళ్ళలో చాలామంది పల్లెల నుంచి వచ్చిన మామూలు మనుషులు. వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు.

వసుమతి వాళ్ళ వైపు నుంచి నాటకం రాసింది. వాళ్ళలో ఒకడికి చివర చిన్న ప్రసంగం పెట్టింది. "మా ఊళ్ళో నేను వరి కోసేవాణ్ణి. ఇక్కడ నిలబెట్టి, తుపాకి ఒత్తి ఆరిపోనివ్వకు అన్నారు. గుర్రాలొస్తుంటే కాళ్ళ కింద నేల అదిరింది. పారిపోవాలనిపించింది. పారిపోలేదు. వాళ్ళది ధైర్యమైతే నాదీ ధైర్యమే."

ఆ వేషం సుబ్బుది. సల్వాలో ఒక ఇంట్లో డ్రైవరు. కోనసీమలో ఉన్నప్పుడు ఊరూరా నాటకాలాడినవాడు. ఆ ప్రసంగం మొదటిసారి చదివినప్పుడే అతని గొంతు విని, పార్కింగ్‌లో కార్లు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు ఆగిపోయారు. కత్తి వీరుడి వేషం వసుమతి కొడుకు ఉజ్వల్‌ది. పన్నెండో తరగతి. మిగతా కత్తి వీరులూ అలాంటి ఇళ్ళ పిల్లలే. తుపాకుల వరసలో డ్రైవర్లు, ఏసీ మెకానిక్కులు, ఒక క్షురకుడు. ఎవరూ అలా విడదీయలేదు. కుర్రాళ్ళు కత్తులు కావాలన్నారు, పెద్దవాళ్ళు మిగిలినవి తీసుకున్నారు. పాత గొట్టాలకి నల్లరంగు వేసి తుపాకులు తయారుచేసింది రమేష్‌బాబు అనే ఏసీ మెకానిక్కు.

ఆ సాయంత్రం ఇంట్లోకి వెళ్ళగానే వసుమతి భర్తని అడిగింది.

"ముగింపు ఎవరు మార్చారు?"

"కమిటీలో అనుకున్నాం."

"కమిటీ పెన్ను పట్టుకుని రాయదుగా. ఎవరు రాశారు?"

"నేనే." విజయభాస్కర్ ఫోను పక్కన పెట్టాడు. "చూడు వసూ, పేరెంట్స్ ఫీలవుతున్నారు. ఇన్నాళ్ళు కత్తి తిప్పడం నేర్చుకుని, చివరికి మా పిల్లలు డ్రైవర్ల చేతుల్లో చచ్చిపోవాలా అని ఒకాయన మొహం మీదే అడిగాడు."

"నా నాటకంలో డ్రైవర్లెక్కడున్నారు?"

"నీకు అర్థమవుతోంది నేనేమంటున్నానో."

"అర్థమైంది కాబట్టే ఒళ్ళు మండుతోంది. సుబ్బుగారి మాటలు కూడా తీసేశారా?"

"అది ఎక్కువ సేపుంది. పండగపూట క్లాసు పీకినట్టుంది. ఉజ్వల్ కత్తితో తూటాల్ని కొట్టేసుకుంటూ వెళ్ళి అందర్నీ నరికేస్తాడు, చప్పట్లు, ఖలాస్. ఎవడికి తెలుసు ఆ నగషినో?"

"నాకు తెలుసు. నా పేరు తీసెయ్యండి."

"ఆహ్వానాలు వెళ్ళిపోయాయి."

ఉజ్వల్ సోఫాలో కూర్చుని అంతా విన్నాడు. నువ్వేమంటావని తల్లి అడిగితే, "నాకేముందమ్మా, డాడీ ఎలా చెయ్యమంటే అలా చేస్తా" అన్నాడు. ముగింపు మారిన సంగతి వాడికి ముందే తెలుసని ఆ మాటతో ఆవిడకి అర్థమైంది. ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు చప్పుడవుతూనే ఉన్నాయి.

మర్నాడు వసుమతి సుబ్బుకి ఫోన్ చేసి, మీరంతా మానేస్తామంటే నేనూ మీతోనే ఉంటానంది.

"మానొద్దు మేడమ్‌గారూ," అన్నాడు సుబ్బు. "మావోళ్ళు ఆళ్ళ ఆళ్ళ ఇళ్ళల్లో బతిమాలుకుని సెలవు తెచ్చుకున్నారు. ఆడతావండి."

"మీ మాటలన్నీ కొట్టేశారు సుబ్బుగారూ."

"కొట్టేత్తే కొట్టేసుకోనివ్వండి. నిలబడతాకి మాటలెందుకండి."

అతని గొంతులో కోపం ఉందో లేదో ఆవిడ పోల్చుకోలేకపోయింది.

కార్యక్రమం రోజు హాలు నిండిపోయింది. వసుమతి తెర పక్కన నిలబడింది. దుంగల కంచె వేదిక అంతటా బాగా అమిరింది. కుర్రాళ్ళు పట్టుబట్టల్లో అరుస్తూ వచ్చారు. వాళ్ళ చేతుల్లో కత్తులు థర్మాకోల్‌వి కావు. అవైతే చూడ్డానికి చవకబారుగా ఉంటాయని విజయభాస్కర్ ఆన్‌లైన్‌లో గట్టి చెక్కవి తెప్పించాడు. తుపాకుల మోత స్పీకర్లలో వినిపించింది. ఉజ్వల్ కత్తి గిరగిరా తిప్పి తూటాల్ని పక్కకి కొట్టేసినట్టు ఆడాడు. జనం ఈలలు వేశారు. కంచె దాటి లోపలికి దూకాడు. క్షురకుడు పడిపోయాడు. రమేష్‌బాబు పడిపోయాడు. ఒక్కో వేటుకీ ఒకడు.

సుబ్బు భుజం మీద కత్తి ఆనింది. అతను పడలేదు.

జనం నవ్వారు, మరిచిపోయాడనుకుని. ఉజ్వల్ ఇంకోసారి కత్తి ఆనించాడు. సుబ్బు నడుముకి కట్టుకున్న సంచీ విప్పి, తుపాకి గొట్టంలో మందు పోసినట్టు పోశాడు. తూటా వేసినట్టు వేశాడు. పుల్లతో కూరాడు. వసుమతి నేర్పిన పద్ధతే, ఒక్కటీ వదలకుండా, తొందర లేకుండా చేస్తున్నాడు. కింద పడివున్న రమేష్‌బాబు అది చూసి లేచి కూర్చున్నాడు. తర్వాత లేచి నిలబడి తనూ సంచీ విప్పాడు.

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. స్పీకర్ల దగ్గర కుర్రాడు ఏం వెయ్యాలో తెలియక సంగీతం ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో ఉజ్వల్ పళ్ళ బిగువున అన్న మాట కాలర్ మైకులోంచి హాలంతా వినిపించింది.

"పడరా... చెప్తే అర్థం కాదా, పడరా."

సుబ్బు తలెత్తి చూశాడు. "నువ్వు పడాలి బాబూ. ఆ రోజున పడింది నువ్వే."

వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత ఇంకా కొందరు. ఉజ్వల్ మొహం ఎర్రబడింది. ఈసారి కత్తి ఆనించలేదు, ఎత్తి కొట్టాడు. సుబ్బు కనుబొమ్మ మీద చెక్క చప్పుడు మైకు లేకుండానే అందరికీ వినిపించింది. సుబ్బు ఒక చేత్తో కంచె పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం దుంగల మీదికి కారింది. తుపాకి కింద పెట్టలేదు. విజయభాస్కర్ పరిగెత్తుకొచ్చి తెర దించేశాడు.

ఆసుపత్రికి వసుమతే తన కారులో తీసుకెళ్ళింది. వెనక సీట్లో సత్యలక్ష్మి పట్టు అంగరఖాలు కుట్టగా మిగిలిన గుడ్డ మడతపెట్టి సుబ్బు నుదుటికి అదిమి పట్టుకుంది. కుట్లు వేసే ముందు నర్సు హిందీలో అడిగింది, ఎలా తగిలిందని.

"గిర్ గయా," అన్నాడు సుబ్బు. పడిపోయానని.

నర్సు అటు వెళ్ళగానే వసుమతి కోపం ఆపుకోలేకపోయింది. "ఎందుకు అబద్ధం చెప్పారు? కొట్టారని చెప్పండి. ఎవరు కొట్టారో నేను చెప్తాను."

"కొట్టారంటే పోలీసోళ్ళొత్తారు. పోలీసోళ్ళొత్తే నాకు వీసా ఇచ్చిన కఫీల్‌కి తెలుత్తాది. ఆడికి గొడవలోడు అక్కర్లేదండి. ఇక్కడుండే ఇఖామా రద్దు, ఇంటికి ఇమానం టికెట్టు. మీ అబ్బాయికేవవుద్దో నాకు తెల్దు గానీ, నాకేవవుద్దో నాకు తెలుసు." నుదుటి మీద గుడ్డ సరిచేసుకున్నాడు. "అరవకండి మేడమ్‌గారూ. మీరరిత్తే ఆళ్ళింటారు."

కొడుకు మీదికి కేసు రాదన్న ఊరట ఒక్క క్షణం ఆవిడ గుండెలోకి వచ్చింది. అది వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంటికొస్తే విజయభాస్కర్ తలుపు దగ్గరే ఎదురొచ్చి, సంగతంతా విని, హమ్మయ్య అన్నాడు.

"మంచివాడు. పరిస్థితి అర్థం చేసుకున్నాడు."

"మంచివాడు కాబట్టి కాదు. భయపడ్డాడు. ఆ భయం మీద మనం కూర్చున్నాం."

"వాడు స్టేజీ మీద అలా చెయ్యకపోతే ఇదంతా వచ్చేది కాదుగా."

 వసుమతి గదిలోకి వెళ్ళి ఉజ్వల్‌ని లేపి, రేపు స్కూలు అయ్యాక నాతో వస్తున్నావని చెప్పింది.

మర్నాడు సల్వాలో తను పనిచేసే ఇంటి గోడ బయట సుబ్బు కారు తుడుస్తున్నాడు. కన్ను వాచిపోయి మూసుకుంది. ఉజ్వల్ అతని ముందు నిలబడి, కారులో అనుకుంటూ వచ్చిన మాట చెప్పాడు.

"సారీ అంకుల్."

"దేనికి?"

"కొట్టినందుకు."

"దెబ్బదేవుంది బాబూ, మానిపోద్ది." సుబ్బు గుడ్డ పిండి బకెట్ మీద వేశాడు. "రిహార్సల్సు జరిగినన్నాళ్ళూ అంకుల్ అన్నావు. మా ఇంటి నుంచి తెచ్చిన పూతరేకులు నా చేతిలోంచి తిన్నావు. అంత మంది ముందరా పడరా అన్నావు. ఆ 'రా' నీ నోట్లోకి ఎక్కడ్నించొచ్చింది?"

ఉజ్వల్ తల్లి వైపు చూశాడు. ఆవిడ సాయం చెయ్యలేదు. కాలితో నేల మీద ఇసుకలో గీతలు గీశాడు.

"ఇంట్లో అలాగే అంటారు," అన్నాడు చివరికి. "డాడీ. డ్రైవర్ల గురించి, సెక్యూరిటీవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు. ఎప్పుడూ అలాగే."

 ఆ మాటలు వసుమతీ విన్నవే. ఒక్కసారీ ఆపలేదు.

"ఆయ్," అన్నాడు సుబ్బు. "నిజం సెప్పావు. బాగుంది. నీ సారీ నాకాడుంచుతాను. పర్లేదనడం మాత్రం నాకింకా రాట్లేదు. కోపంగా ఉంది నాకు. నీ మీదా, మీ నాన్నగారి మీదా." వసుమతి వైపు తిరిగాడు. "మీ మీద కూడా కొంచెం ఉందండి. తప్పనుకోకండి."

"అనుకోను."

గేటు తెరుచుకుంది. పద పదమని లోపల్నించి ఇంటి యజమానురాలి కేక వినిపించింది, "యల్లా, సుబ్బూ." "వత్తన్నా, మామా," అని ఆ ఇళ్ళల్లో యజమానురాల్ని పిలిచే పిలుపుతో బదులిచ్చి, సుబ్బు బకెట్ గోడ పక్కకి జరిపి స్టీరింగు దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళిద్దరూ పక్కకి తప్పుకుంటే కారు వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో ఉజ్వల్, "ఆయన క్షమించలేదు కదమ్మా," అన్నాడు.

"క్షమించాలని ఎక్కడుంది?"

భోజనాల దగ్గర వసుమతి సల్వాలో జరిగిందంతా భర్తకి చెప్పింది, ఉజ్వల్ అన్న మాటతో సహా. విజయభాస్కర్ చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"అంటే ఇప్పుడు వాడు కొట్టిన దెబ్బకి నన్ను బాధ్యుణ్ణి చేస్తున్నావా?"

"అవును. నన్నూ చేసుకుంటున్నాను."

"పిల్లాడి ముందు ఇలా మాట్లాడతావా?"

"వాడి ముందే మాట్లాడాలి. నేర్చుకున్నది ఈ బల్ల దగ్గరే కదా."

ఉజ్వల్ తలెత్తి తండ్రి వైపు చూస్తూ ఉండిపోయాడు, ఆయన ఏమంటాడా అని. విజయభాస్కర్ కుర్చీ వెనక్కి నెట్టాడు గానీ లేవలేదు. ముగ్గురి పళ్ళేలూ అలాగే ఎండిపోతున్నాయి.