పూజకు ముందే తీసిన వాటా

నేను ఒక స్టీలు గిన్నెను. మా మూత మీద నాకో ఫిర్యాదు ఉంది. ఒకే రేకులోంచి పుట్టాం, ఒకే అట్టపెట్టెలో చీరాల వచ్చాం, ఏస్తేరు పెళ్ళికి ఒకేసారి ఒంటి మీద ఆమె పేరు చెక్కించుకున్నాం. అయినా అది దీపావళి నుంచి పక్కింటి వకుళ దగ్గరే కూర్చుంది. నేనిక్కడ నోరు తెరుచుకుని ఉన్నాను.

ఏడేళ్ళు ఆ రెండిళ్ళ మధ్య పిట్టగోడ మీదుగా తిరిగాను. ఏనాడూ ఖాళీగా వెళ్ళలేదు. క్రిస్మస్‌కి ఏస్తేరు గులాబీ పువ్వులు వండేది. పిండిలో గుడ్డు కొట్టకముందే కొంత తీసి వకుళకి విడిగా వేసేది. దీపావళికి వకుళ సున్నుండలు చుట్టి, దేవుడి ముందు పెట్టకముందే ఏస్తేరు వాటా నాలో సర్దేది. "పూజకు ముందే తీశానక్కా" అని గోడ మీంచి చెప్పేది. ఆ ఒక్క మాటతో ఇద్దరి దేవుళ్ళూ సర్దుకుపోయారు. మనుషులకే కొంచెం టైం పడుతుంది.

ఏస్తేరుకి ఏడో నెలలో బిడ్డ పోయినప్పుడు అత్తగారు ఎలీసమ్మ చర్చివాళ్ళ ఉజ్జీవ కూటాలకని పొరుగూరు వెళ్ళింది. మూడు రోజులూ గంజి నాలోనే వచ్చింది. చెంచాతో పట్టింది వకుళ.

మొన్న దీపావళికి వకుళ సున్నుండలు మరీ పోగుపోసింది. మూత పట్టక అక్కడే ఉండిపోయింది. ఏస్తేరు స్నానంలో ఉంది. గోడ మీదున్న నన్ను ఎలీసమ్మ చూసింది. దీపావళంటే ఆవిడకి తలుపులన్నీ మూసి, టపాసుల చప్పుళ్ళ మధ్య ఆమెన్ చెప్పుకునే రోజు. "విగ్రహాలకి పెట్టింది మా ఇంట్లోకా" అనుకుంటూ మొత్తం వీధిలో మేక ముందు గుమ్మరించింది. మేకకి అభ్యంతరం లేకపోయింది. నన్ను కడిగి, ఖాళీగా, గోడ మీద పెట్టింది. డాబా మీద బట్టలు తీస్తున్న వకుళ అంతా చూసింది.

ఏస్తేరు తడి తలతోనే పరుగెత్తి బతిమాలింది. "పర్లేదక్కా" అంది వకుళ. ఆడవాళ్ళ భాషలో అంతకన్నా గట్టిగా తలుపు వేసే మాట లేదు. క్రిస్మస్‌కి గులాబీ పువ్వులతో వెళ్ళి, వెళ్ళినట్టే తిరిగొచ్చాను. వాళ్ళింట్లో అందరికీ గొంతులు బాలేవట.

"ఒక్కసారి వెళ్ళి చెప్పండత్తమ్మా. తను పూజకు ముందే తీసింది."

"నాకు చెప్పిందా?"

"మీరు అడిగారా?"

ఎలీసమ్మ బైబిలు తెరిచి కళ్ళజోడు వెతుక్కుంది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

ఫిబ్రవరిలో వకుళ భర్తకి విజయనగరం బదిలీ అయింది. వాకిట్లో లారీ ఆగిన పొద్దున ఏస్తేరు నన్ను ఒళ్ళో పెట్టుకుని వంటింట్లో నేల మీద కూలబడింది. బిడ్డ పోయినప్పుడూ సరిగ్గా అక్కడే కూర్చుంది. టీ చల్లారింది.

ఎలీసమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"అప్పుడు నీకు గంజి ఎవరు పెట్టారే?" ఇన్నేళ్ళలో ఆవిడ అది అడగడం ఇదే మొదలు.

ఏస్తేరు లారీ వైపు చూసింది.

ఆవిడ నన్ను కోడలి ఒళ్ళోంచి తీసుకుని, చెప్పులైనా వేసుకోకుండా వీధి వైపు నడిచింది. లారీ పక్కన వకుళ సామాన్లు సర్దుతోంది. గంప పైన మా మూత మెరుస్తోంది. ఎలీసమ్మ నన్ను రెండు చేతులతో ముందుకు చాపింది.

"దీన్ని ఖాళీగా పంపింది నేనే. పూజకు ముందుదా, తర్వాతదా అని ఒక్క మాట అడగాల్సింది. అడగలేదు. తప్పు నాదే వకుళా."